బిగించినకొద్దీ గొప్పా?

సాహిత్యం రాసుకునే చోట తుపాకుల ప్రసక్తి ఏమిటని మిత్రులు నొసలు చిట్లించవచ్చు. అయినా రాయక తప్పడం లేదు. యతి ఎక్కడ పడాలో ఛందస్సు నిర్ణయిస్తుంది గాని కవి పౌరుషం నిర్ణయించదని మనమందరం ఒప్పుకుంటాము. షాట్‌గన్ పోటీలలో చోక్ ఎంపిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం పౌరుషానికే పెద్దపీట. "ఫుల్ చోక్‌తో కొట్టినవాడే షూటరు" అన్న మాట రేంజిలలో వేదవాక్కుగా చెలామణీ అవుతున్నది. ఆ మాట తప్పు. పైగా కొత్తగా నేర్చుకునేవారికి హాని చేసే తప్పు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. షాట్‌గన్ తూటాలో ఒక్క గుండు ఉండదు. వందలాది చిన్న సీసపు గుళ్ళుంటాయి. గొట్టం దాటగానే అవి మబ్బులా విచ్చుకుంటాయి. గొట్టం మూతి దగ్గర ఉండే నొక్కునే చోక్ అంటారు. 12 బోరు గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. మూతి దగ్గర అది దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గితే ఫుల్, అర మిల్లీమీటరు తగ్గితే మాడిఫైడ్, పావు తగ్గితే ఇంప్రూవ్డ్ సిలిండర్, అందులో సగమే తగ్గితే స్కీట్ చోక్, ఏమీ తగ్గకపోతే సిలిండర్. నొక్కు పెరిగినకొద్దీ గుళ్ళు మరింత దూరం గుంపుగా సాగుతాయి. అంతకు మించి అందులో మహిమేమీ లేదు.

మన మనసుల్లో ఉన్నది అర్జునుడి మత్స్యయంత్రం: ఒకే బాణం, ఒకే కన్ను. కాని షాట్‌గన్ బాణం కాదు, విసురువల. వల పూర్తిగా విచ్చుకోకముందే చేప మీద పడితే జాలరికి దక్కేది అదృష్టం మాత్రమే. మరీ పలచగా పరుచుకుంటే చేప కన్నాల్లోంచి జారిపోతుంది. ఎంత విచ్చుకోవాలో చేప ఉన్న దూరం చెప్పాలి గాని జాలరి మీసం చెప్పకూడదు.

స్కీట్‌నే తీసుకోండి. అందులో 1 నుంచి 7 వరకు ఏ స్థానంలో నిలబడినా, పళ్ళేలు దాటే కూడలి బిందువు 19.2 మీటర్ల దూరంలోనే ఉంటుంది. ఎనిమిదో స్థానం నుంచి అది అయిదున్నర మీటర్లే. సుమారు 18 మీటర్ల దగ్గర సిలిండర్ గొట్టం గుళ్ళను 80 సెంటీమీటర్ల వెడల్పున పరిస్తే, ఫుల్ చోక్ 40 సెంటీమీటర్లకే కట్టేస్తుంది. వెడల్పు సగమైతే వైశాల్యం నాలుగో వంతు. అంటే ఫుల్ చోక్ బిగించుకుని స్కీట్ బరిలో దిగినవాడు తన వలలో ముప్పాతిక భాగం ఇంట్లో వదిలి వచ్చినట్లే! దానికి ప్రతిఫలమేమిటి? పళ్ళెం పొడిపొడి అవుతుంది, చూసేవారు చప్పట్లు కొడతారు. నిబంధన మాత్రం కంటికి కనబడే ఒక్క ముక్క విరిగితే చాలునంటుంది. పొగగా పేలినా ఒకటే, పెంకు రాలినా ఒకటే. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినందుకు అదనపు మార్కులు లేవు.

మరి ట్రాప్ షూటర్లు బిగువైన చోక్‌లు వాడటం లేదా అంటారు. వాడుతున్నారు, వాడాలి కూడా. అక్కడ పళ్ళెం 15 మీటర్ల అవతల పుట్టి, మన నుంచి పారిపోతూ పోతుంది. మొదటి గుండు చేరేసరికే 30 మీటర్లు దాటుతుంది. రెండో గుండుకు ఇంకా దూరం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం తూటాలో 24 గ్రాములకు మించి సీసం ఉండరాదు; 2.4 మిల్లీమీటర్ల గుళ్ళయితే సుమారు 300. అంత దూరంలో అవి పలచబడకుండా ఉండాలంటే మొదటి గొట్టానికి మాడిఫైడ్ లేదా అంతకు కొంచెం బిగువు, రెండోదానికి ఫుల్ న్యాయమే. ఒకే ఫుల్ చోక్ ఇక్కడ వివేకం, అక్కడ అవివేకం. తేడా దూరానిది.

"బిగువు చోక్‌తో సాధన చేస్తే గురి కుదురుతుంది" అన్న వాదనలో కొంత బలముందని ఒప్పుకుంటాను. చేయి తిరిగినవాడు తన తప్పులను పసిగట్టడానికి అది పనికివస్తుంది. కాని పోటీ సాధన కాదు. కొత్తవాడికి వరుసగా సున్నాలు తప్ప ఆ పాఠం నేర్పేదేమీ లేదు.

మరో తెగవారు సంచీ నిండా మరచోక్‌లు మోసుకు తిరుగుతారు. తప్పిన ప్రతిసారీ మార్చాలని చూస్తారు. బాగా పనిచేస్తున్న చోక్‌ను ఒక రౌండు మధ్యలో మార్చడానికి నియమావళి ఒప్పుకోదు. కనుక నిర్ణయం ముందే జరగాలి. చోక్ మీద చెక్కిన పేరును చూసి కూడా జరగకూడదు. గొట్టాల లోపలి వ్యాసాలు తుపాకీకీ తుపాకీకీ కొంత మారతాయి. గట్టి సీసపు గుళ్ళు తక్కువ నలిగి గుంపుగా పోతాయి, మెత్తనివి నలిగి చెదురుతాయి. అందుచేత పెద్ద కాగితం కట్టి, పోటీలో వాడబోయే తూటాతోనే, పళ్ళెం కొట్టే దూరం నుంచే, కనీసం అయిదుసార్లు వేర్వేరు కాగితాల మీద పేల్చి చూడండి. గుళ్ళ మధ్య పళ్ళెం పట్టేంత ఖాళీలున్నాయా, గుంపు నడిబొడ్డు గురి పెట్టిన చోటే పడుతున్నదా అన్నది కాగితమే చెబుతుంది. కాగితానికి మొగమాటం లేదు.

ఒక పళ్ళెం విలువ ఎంత? 2024 పారిస్ ఒలింపిక్స్ స్కీట్ మిశ్రమ జట్టు పోటీలో మహేశ్వరీ చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా కాంస్యాన్ని 43-44తో చైనాకు వదులుకున్నారు. అక్కడ చోక్ తప్పిందని నేననడం లేదు. ఒక పళ్ళేనికి పతకమంత వెల ఉందంటున్నాను. అటువంటి ఆటలో, తూటా తూటాకూ లెక్క చూసుకునే ఇంటి పిల్లకు ఫుల్ చోక్ అంటగట్టి, తప్పినప్పుడల్లా "నీ చెయ్యి చాలదు" అనడం ఏం ధర్మం?

ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఇక్కడ కథ తిరగబడింది. మద్దెలను శ్రుతి తప్పేదాకా బిగించినవారే ఆడే పిల్లను తిడుతున్నారు. ముందు మద్దెల వదులు చేయండి. ఆట సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.