తాత్పర్యం ముందు, ప్రతిపదార్థం తరువాత

విహరిణిలోనే అణువుల త్రిమితీయ ఆకృతులను త్రిప్పి చూపే ఉపకరణాలను గూర్చిన వ్యాసాలు కొన్ని చదివాను. సెకనుకు ఎన్ని చిత్రాలు గీయగలదు, ఎన్ని లక్షల పరమాణువులను మోయగలదు అన్నవే వాటిలో కొలబద్దలు. తెలుగు పండితునికి వీటితో పనేమిటని పాఠకమిత్రులు అడుగవచ్చు. మా బడిలో కంప్యూటరు గది తాళంచెవి చాలాకాలం నా యొద్దనే ఉండేది. ఆ అర్హత చాలుననుకుంటాను.

తొలినాళ్ళలో జేమోల్ అనే ఉపకరణం జావా ఆధారంగా నడిచేది. విహరిణులు జావాను దూరం పెట్టనారంభించిన కాలంలో దానినే జావాస్క్రిప్టులోకి మార్చి జేఎస్‌మోల్ అన్నారు. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో జావాకు తలుపులు పూర్తిగా మూశాయి. జేఎస్‌మోల్ సాధారణంగా బొమ్మను ప్రధాన ప్రాసెసరు చేతనే గీయిస్తుంది గనుక పెద్ద ప్రొటీను ఆగి ఆగి తిరుగుతుంది. 2011లో వచ్చిన వెబ్‌జీఎల్ ప్రమాణం గ్రాఫిక్స్ చిప్పును నేరుగా వాడుకొనే వీలు కల్పించింది. ఎన్‌జీఎల్, త్రీడీమోల్, మోల్‌స్టార్ దాని మీదనే నిలిచాయి. వీటిలో ఒక చమత్కారం నన్ను ముగ్ధుణ్ణి చేసింది. గోళాన్ని వందల త్రిభుజాలతో కట్టకుండా, ఒక చదునైన చతురస్రం పెట్టి, దానిపై వెలుగునీడలను లెక్కగట్టి గోళమని భ్రమింపజేస్తారు. 24 లక్షల పరమాణువులున్న హెచ్.ఐ.వి. కవచం కూడ ఇట్టి ఉపాయాలతోనే విహరిణిలో కదలాడుతున్నది.

శ్లాఘనీయమే. కాని పదవ తరగతి విద్యార్థి చూడవలసినది 5 పరమాణువుల మీథేను, 12 పరమాణువుల బెంజీను. కుతూహలం గలవాడైతే హీమోగ్లోబిన్. హైడ్రోజను పరమాణువులను మినహాయిస్తే అందులోనూ 5,000 లోపే. ఇంత చిన్నవాటికి గీసే వేగంలో తేడా కంటికి ఆనదు. నిరీక్షణ అంతా బొమ్మ రాకముందు, ఉపకరణం దిగుమతి కావడంలోనే ఉన్నది. పాత గ్రాఫిక్స్ చిప్పు గల యంత్రంలో వెబ్‌జీఎల్ అసలే పనిచేయకపోవచ్చును. అప్పుడు పిల్లవానికి కనబడేది ఖాళీ పెట్టె. నిదానపు జేఎస్‌మోల్‌కు వెబ్‌జీఎల్‌తో నిమిత్తం లేదు. అచ్చట అదే దిక్కు.

పద్యానికి ముందు తాత్పర్యం చెప్పి, అడిగినప్పుడు ప్రతిపదార్థం చెప్పడం నా అలవాటు. జేన్ రిచర్డ్‌సన్ 1981లో ప్రచారంలోకి తెచ్చిన రిబ్బను చిత్రం ప్రొటీనుకు తాత్పర్యం వంటిది. పరమాణువులన్నీ చూపడం ప్రతిపదార్థం. ముందుగా ఒక నిశ్చలచిత్రం, పిదప రిబ్బను, కోరినవారికి పరమాణువులు, ఈ వరుసలో వడ్డిస్తే పాత యంత్రమైనా ఓర్చుకొంటుంది. ఈ ఉపకరణాల నిర్మాతలు తమ పరీక్షల పట్టికలో 2 జీబీ మెమొరీ గల బడి కంప్యూటరును ఒకదానిని చేర్చి, బొమ్మ కనబడడానికి అందులో ఎన్ని సెకన్లు పట్టినదో కూడ ప్రకటించాలి.