నీటి లెక్క ఎవరి సొత్తు?

మంజీరపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము ఎడపల్లి, బోధను భూములకు వరిని, చెఱకును ఇచ్చినది. ఆ చెఱకును నమ్మియే 1937లో బోధనున చక్కెర ఫ్యాక్టరీ వెలసినది. అది 2015లో మూతపడినది. కాలువ నిలిచియున్నది. ఎగువవారు మళ్లించుకొనిరని దిగువవారు మొఱపెట్టు తగవును నిలిచియున్నది.

ఈ తగవునకు నేడు టెలిమెట్రీ యను సాక్షి కలదు. కాలువపై నిలిపిన రాడారు నీటిమట్టమును కొలుచును. ఆ కొలత విద్యుత్సంకేతమై, పెట్టెలో నమోదై, ఉపగ్రహము ద్వారా గాని మొబైలు ద్వారా గాని దూరకేంద్రమునకు చేరును. ఇది నిద్రపోని లస్కరు. మొగము చూచి లెక్క మార్చదు.

అయినను యంత్రమొక్కటే న్యాయము చేయునా? 2014 విభజన చట్టము కృష్ణానదికి బోర్డును కల్పించినది. టెలిమెట్రీని ఏయే చోట్ల నిలుపవలెనను విషయముననే రెండు రాష్ట్రములును వాదులాడుకొనినవి. కొలతకు జంకువారు కొలబద్దను నాటు చోటును గూర్చియే పోరాడుదురు.

“అంకెలు రైతుకేమి తెలియును?” అని కొందఱందురు. తూము రాతిమీది గీతను చూచి ఏ మడికెంత పాఱునో చెప్పిన నీరడుల ఎదుటనా ఈ మాట! రైతుకు తెలియకపోవుట గాదు, రైతుకు తెలుపకపోవుటయే లోపము.

మేము కోరునది ఒక్కటే. తూమువద్ద నమోదైన లెక్క అధికారి బల్లను చేరిన దినముననే పంచాయతీ గోడమీదికిని చేరవలెను; యంత్రము చెడిన దినములును అందు వ్రాయబడవలెను. ప్రజల సొమ్ముతో కొలిచి ప్రజలకు చూపని లెక్క, లెక్కయే కాదు.