పద్యమునకు వాద్యప్రతులు

తాళబద్ధమగు కీర్తనను పదిమంది కూడి వాయించుట మన బాలురకు కష్టము గాదు. ఆదితాళమునకు ఎనిమిది యక్షరములు. ఒకడు తప్పినను చేతి లెక్కతో మరల కలసికొనగలడు. రంగస్థలముమీది పద్యమునకు ఆ యాధారము లేదు. ఉత్పలమాలకు గణములున్నవి, పదవ యక్షరమున యతియున్నది. కాని పాడువాడు ఏ యక్షరముపై నెంతసేపు నిలుచునో, ఏ పాదము చివర రాగమెంత సాగించునో ముందుగా నెవరు చెప్పగలరు? మన కృష్ణాతీరమున నాటకములకు హార్మోనియము వాయించు పెద్దలు గాయకుని నోరు చూచియే యనుసరింతురు. వారికి కాగితముతో పనిలేదు. బాలురకు వయొలిను, వేణువు, మృదంగము పంచియిచ్చినప్పుడే చిక్కు.

కొన్నేండ్ల క్రిందట విజయవాడకు సమీపమున నొక పాఠశాల వార్షికోత్సవమునకు మేము పోయియుంటిమి. రాయబార ఘట్టము నడుచుచుండెను. మూడవ పాదము చివర గాయకుడు దీర్ఘముగా రాగము తీసెను. పద్యము ముగిసెనని తలచి మృదంగము పట్టిన బాలుడు ముక్తాయి వాయించెను. సభ ఘొల్లున నవ్వెను. మరుసటి యేడు ఆ బాలుడు మృదంగమును ముట్టలేదట. ఆనాడే మేమాతని ప్రతిని అడిగి చూచితిమి. అందు “పద్యము: ఊరకుండవలెను” అని మాత్రమే యుండెను! ఎందాక ఊరకుండవలెనో వ్రాసినవాడు చెప్పలేదు. తప్పు బాలునిదన్న మేమొప్పము.

తాళములేని సంగీతమున వాద్యకాని ప్రతియందు తాను వాయింపవలసిన దానికంటె ముందు తాను వినవలసినది వ్రాయవలెనని మా యభిప్రాయము. పద్యపు నాలుగు పాదములును పెద్ద యక్షరములతో అందరి ప్రతులలోను, మృదంగమువాని ప్రతిలో సైతము, ఉండవలెను. వయొలిను ప్రవేశించు నక్షరము క్రింద గీత, రాగము సాగు చోట అలవంటి గుర్తు చాలును. పద్యము నడుమ పుట త్రిప్పవలసి రారాదు. స్వరముల నడుమ కామాలు పెట్టి కాలము కొలుచుట ఇచ్చట హానికరము. బాలుడు గాయకుని విడిచి కామాలను లెక్కించును.

గుర్తులు మనకు క్రొత్తవి గావు. 1904లో ఎట్టయాపురమున తెలుగున అచ్చయిన సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఒక్కొక్క గమకమునకు ఒక్కొక్క గుర్తు కలదు. పోలండు దేశపు లుటొస్లావ్‌స్కీ 1964లో నాలుగు తంత్రీవాద్యములకు రచించిన కృతికి మొదట విడివిడి ప్రతులనే యిచ్చెను. నాలుగింటిని ఒకదానిక్రింద నొకటి చేర్చి వ్రాసినచో, ఎదురెదురుగ నున్న స్వరములు ఒక్కమారే మ్రోగవలెనని చూచువారు భ్రమింతురని ఆయన శంక.

చెవి యుండగా కాగితమేల యని పెద్దలందురు. ఆ చెవి నాటకసమాజములలో ఏండ్ల తరబడి తిరిగినందున వచ్చినది. మన బాలురకు ఉత్సవమునకు ముందు రెండు వారములే గడువు. ఆ ప్రతులనైనను ఉపాధ్యాయుడు వ్రాసి పంచుటకంటె, గాయకుడు పాడుచుండగా బాలురచేతనే వ్రాయించుట మేలు. నాలుగవ పాదము వ్రాయువేళకు పద్యము సగము నోటికి వచ్చియుండును.