గోడ అవతల ఘంటసాల

ఆదివారం ఆబిడ్స్ సంగతి పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. షట్టర్లు దించిన దుకాణాల ముందు, ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఎంట్రన్స్ గైడ్లు, ఇంగ్లిషు నవలలు, ఎవరో ఎవరికో పుట్టినరోజుకి ప్రేమతో ఇచ్చిన డిక్షనరీలు. వాటి మధ్య ఎప్పుడో ఒకసారి తెలుగు సినిమా పాటల పుస్తకం కూడా చేతికి తగులుతుంది.

డెబ్బై దాటిన ఒక పెద్దాయనకు అలాంటిదే దొరికింది. ఇంటర్ చదివే మనవరాలికి కెమిస్ట్రీ పుస్తకం కోసం వచ్చారిద్దరూ. ఆయన చెయ్యి మాత్రం పాటల పుస్తకం దగ్గర ఆగిపోయింది. వెలిసిపోయిన అట్ట మీద ఘంటసాల ఫోటో. మనవరాలు తొంగి చూసింది.

''నువ్వు చూసింది ఈయన్నేగా తాతా? నాన్న చెప్పాడు.''

పెద్దాయన జవాబివ్వలేదు. వంద చెప్పిన పుస్తకాన్ని యాభైకి బేరమాడి, సంచిలో వేసుకుని, పోస్టాఫీసు వైపు నడక మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేశాక, ''చూడలే బిడ్డా'' అన్నాడు.

ఆ పిల్లకు అర్థం కాలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన కథ అది. తాత పదహారేళ్ల వయసులో ఘంటసాలను కళ్లారా చూశాడు. పెళ్లిచూపుల్లో నానమ్మకు కూడా ఆ మాట చెప్పారట!

అది 1970 ఫిబ్రవరి 1, ఆదివారం. వికారాబాద్ దగ్గర పల్లె ఆయనది. అంతకు ముందు ఏడాది తెలంగాణ ఉద్యమంతో చదువులు సరిగ్గా సాగలేదు. ఇంట్లో కూర్చుని విసిగిపోయిన కొడుకు చేతిలో ఐదు రూపాయలు పెట్టి, నుమాయిష్ చూసి రమ్మని రైలెక్కించాడు తండ్రి. 1938లో బాగే ఆంలో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన ఆ ఎగ్జిబిషన్ అంటే పల్లెటూరి పిల్లలకు అప్పట్లో పెద్ద పండగ. నాంపల్లి స్టేషన్లో దిగితే నడిచి వెళ్లేంత దూరం.

స్టేషన్ బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీది మాట చెవిన పడింది. ''ఇయ్యాల ఫతే మైదాన్‌ల ఘంటసాల ఉన్నడంట.''

అంతే. కుర్రాడికి నుమాయిష్ గుర్తు లేదు. తల్లి గుర్తొచ్చింది.

ఆమెకు చదువు రాదు. చూసిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ సాయంత్రం పంచాయతీ రేడియోలో ఘంటసాల పాట వస్తే చేతిలోని చేట పక్కన పెట్టేసేది. ''ఎవలు కన్న కొడుకో గని, గొంతుల తేనె పోసుకొని పుట్టిండు'' అనేది. పాట అయిపోయాకే మళ్లీ చేట అందుకునేది.

స్టేషన్ రోడ్డు, ఆబిడ్స్ చౌరస్తా, గన్‌ఫౌండ్రీ, నిజాం కాలేజీ... అడుగుతూ అడుగుతూ వెళ్లాడు. ఫతే మైదాన్‌కి లాల్ బహదూర్ స్టేడియం అని పేరు మారినా, జనం నోట ఇంకా పాత పేరే. ఘంటసాల సినిమా పాటకు పాతికేళ్లు నిండిన సందర్భంగా ప్రభుత్వం రజతోత్సవం చేస్తోంది. ఆ రోజు ముప్పై వేల మందికి పైగా వచ్చారు. కుర్రాడికి లోపలికి వెళ్లే దారే దొరకలేదు. గేటు దగ్గర తోపులాటలో ఒక చెప్పు పోయింది. రెండోది చేత్తో పట్టుకుని గోడ బయట నిలబడ్డాడు.

ఒకప్పుడు విజయనగరంలో సంగీతం నేర్చుకుంటూ, ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్న కుర్రాడి కోసం ఆ రోజు స్టేడియం నిండింది. పద్మశ్రీ వచ్చిందీ ఆ ఏడాదే. గోడ బయటి కుర్రాడికి ఇవేవీ తెలియవు. గొంతొక్కటే తెలుసు. ఆ గొంతే మైకులోంచి గోడ దాటి వచ్చింది. ముఖం మాత్రం కనిపించలేదు. చీకటి పడ్డాక స్టేషన్‌కి తిరిగి నడిచాడు.

ఇంటికి రాగానే నుమాయిష్ గురించి తండ్రి అడిగాడు. ఘంటసాల పేరు చెవిన పడగానే తల్లి పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

''చూసినవారా? ఎట్లుంటడు?''

విన్నానని చెబితే ఆమెకు కొత్తేముంది? వినడం ఆమె రోజూ చేసే పనే. ఆ కళ్లలోకి చూస్తూ చూడలేదని చెప్పలేకపోయాడు. ''సన్నగ, పొడుగ్గ, దొరబాబు లెక్క ఉన్నడమ్మా'' అనేశాడు.

తెల్లారేసరికి ఊరంతా పాకింది. బావి దగ్గర, నాట్ల దగ్గర, ''మా పిలగాడు చూసిండు'' అని ఆమె చెప్పుకోని రోజు లేదు.

ఇప్పుడైతే ఈ అబద్ధం అరగంట కూడా నిలవదు. సెల్ఫీ ఏదీ అంటారు. అప్పట్లో పాడేవాళ్లకు ముఖాలుండేవి కావు. పోస్టర్ మీద రామారావు, నాగేశ్వరరావు. లోపల గొంతు ఘంటసాలది. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైందే 1977లో. పాడేవాళ్లు ప్రతి ఇంటికీ ముఖపరిచయం కావడానికి 1996లో 'పాడుతా తీయగా' దాకా ఆగాల్సి వచ్చింది. ఘంటసాల అప్పటిదాకా లేరు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు.

మర్నాడు పేపర్లో ఫోటో వేశారు. డిగ్రీ చదువుతున్న కొడుకు ఆ పేపరు ఇంటికి తెచ్చి, ఆలోచించకుండా తల్లి చేతిలో పెట్టాడు. ఆమె చాలాసేపు చూసింది. గుండ్రటి ముఖం, నిండైన మనిషి.

''సన్నగ, పొడుగ్గ ఉంటడంటివి గదరా'' అంది.

కొడుకు తల దించుకున్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. పేపరు మడతపెట్టి తన పెట్టెలో, చీరల అడుగున దాచుకుంది. ఆ తర్వాత కూడా ఎవరైనా అడిగితే ''మా పిలగాడు చూసిండు'' అనే చెప్పింది, పోయేదాకా.

''మరి నువ్వు ఆ రోజు ఏమీ చూడలేదా తాతా?'' అంది మనవరాలు.

పెద్దాయన ఆగాడు. చూశాడు. పాట మొదలవగానే గోడ బయట రోడ్డు మీద రిక్షా తొక్కే మనిషి ఒకడు రిక్షా పక్కకు లాగి, కిందికి దిగి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బండి మీద బఠానీలు అమ్మేవాడు గరిటె ఆపేశాడు. పాట అయ్యేదాకా ఎవరూ బేరం అడగలేదు. అచ్చం చేట పక్కన పెట్టినట్టే.

''అది చెప్పాల్సింది మా అమ్మకు. ఆమె లెక్కనే పట్నంల గూడ మంది ఉన్నరని సంబురపడేది. నాకు అప్పుడు ముఖమే పెద్ద ముచ్చట అనిపించింది'' అన్నాడు.

మనవరాలు సంచిలోంచి పాటల పుస్తకం తీసి, అట్ట మీది ముఖం మరోసారి చూసింది. ఇంటికెళ్లాక ముత్తవ్వ పెట్టెలోని పేపరు చూపించాలని తాత దగ్గర మాట తీసుకుంది. ఇద్దరూ కబుర్లాడుతూ నాంపల్లి దాకా నడిచి బస్సెక్కారు.

కెమిస్ట్రీ పుస్తకం సంగతి బస్సు కదిలాక గుర్తొచ్చింది.