డిపాజిటుదారుల సహాయనిరాకరణము

"బ్యాంకివారితో మనకు వైరమేల? సొమ్ము వారి చేతిలో నున్నది. మన మెంత మొత్తుకొన్నను వినువా రెవరు?" అని మా మిత్రులు పలువురు నిట్టూర్చుచున్నారు. ఈ నిట్టూర్పు మాకు సమ్మతము గాదు. సొమ్ము వారి చేతిలో నున్న మాట నిజమే. అది యెవరు వారి కిచ్చిన యప్పు?

1848వ సంవత్సరమున ఇంగ్లండు ప్రభువుల సభ ఫోలీ, హిల్ వ్యాజ్యెమున తీర్పు చెప్పుచు, ఖాతాదారు ఋణదాత యనియు, బ్యాంకి ఋణస్థు డనియు నిర్ణయించెను. మన న్యాయస్థానములును ఈ సూత్రమునే యనుసరించుచున్నవి. కావున కౌంటరు ముందు చేతులు కట్టుకొని నిలుచు పింఛనుదారు, చిల్లర వర్తకుడు యాచకులు గారు, అప్పిచ్చినవారు. అప్పిచ్చినవాడు తన యప్పును తిరిగి యడుగుట నేరమని యే శాసనమున వ్రాయబడినది?

2017 ఏప్రిలు మొదలు నవంబరు వరకు ఎనిమిది మాసములలో, కనీసపు నిల్వ లేదను నెపమున భారతీయ స్టేట్ బ్యాంకు ఖాతాదారులయొద్ద వసూలు చేసిన జరిమానా 1,771 కోట్ల రూపాయలు. ఆ యేటి జూలై-సెప్టెంబరు త్రైమాసికమున దానికి వచ్చిన నికర లాభముకంటె నిది హెచ్చు! నిల్వ తరిగిన ఖాతా యెవరిది? జమీందారుదా? లేమికే పన్ను విధించు విచిత్రమును మన మప్పుడు చూచితిమి. 2020 మార్చిలో ఆ జరిమానాను రద్దుపరచిరి, సంతోషమే. కాని యా మూడేండ్లు మనము చేసిన దేమి? పఠనమందిరమున పత్రిక చదివి తిట్టితిమి. మరునా డదే బ్యాంకికి బోయి డిపాజిటును తిరుగవ్రాయించుకొంటిమి.

అమెరికావా రట్లు చేయలేదు. 2011 సెప్టెంబరు చివర బ్యాంక్ ఆఫ్ అమెరికా, డెబిట్ కార్డుతో సరకులు కొను ఖాతాదారులు నెలకు 5 డాలర్లు చెల్లింపవలెనని ప్రకటించెను. కొద్ది యేండ్ల ముందే ప్రజాధనముతో గట్టెక్కిన బ్యాంకి యది! ఖాతాలను మూసి నవంబరు 5వ తేదీలోగా సహకార పరపతి సంఘములకు తరలింపుడని సామాన్యులే పిలుపునిచ్చిరి. అర్జీపై మూడు లక్షల సంతకములు చేరెను. ఆ దినమునకు నాలుగు దినములు ముందే, నవంబరు 1వ తేదీన, బ్యాంకి తన ప్రకటనను ఉపసంహరించుకొనెను. లాఠీ లేదు, చెర లేదు. లెక్కల పుస్తకమున తమ సొమ్ము తరిగిపోవునను భయ మొక్కటే పనిచేసినది.

అన్నిచోట్ల నింత త్వరగా ఫలించునని మేము చెప్పము. దక్షిణాఫ్రికాలోని వర్ణవివక్ష ప్రభుత్వముతో పొత్తు విడువుమని ఇంగ్లండు విద్యార్థులు బార్క్లేసు బ్యాంకిని బహిష్కరించి ఏండ్ల తరబడి కాచుకొనిరి. 1986లో గాని ఆ బ్యాంకి అచ్చటినుండి తొలగలేదు.

"బహిష్కారము పరదేశులపై ప్రయోగించు నాయుధము గదా, మన బ్యాంకులపై నేల?" యని మరికొంద రడుగుదురు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరున ఆంధ్రా బ్యాంకిని స్థాపించినది స్వదేశపు పేరుతో స్వజనులను పిండుటకు గాదు. అన్యాయమునకు స్వదేశీ ముద్ర వేసిన మాత్రమున అది ఖద్దరు కాదు.

అయితే ఒక్క విషయమున మేము మిక్కిలి కఠినులము. బహిష్కారము వేరు, పుకారు వేరు. "ఆ బ్యాంకి మునిగిపోవుచున్నది, పరుగెత్తుడు" అని అబద్ధము వ్యాపింపజేయువాడు సత్యాగ్రహి గాడు, ద్రోహి. అట్టి పరుగులో ధనికుడు ముందు దాటును. వరుస చివర నిలిచిన వితంతువు మునుగును. 2001లో హైదరాబాదున కృషి సహకార బ్యాంకి కూలినపుడు డిపాజిటుదారులు పడిన యాతన యెట్టిదో తెలిసినవారు ఈ మాటను కాదనరు. సొమ్మును తరలించు చోటును గూడ విచారించుకొనవలెను. ఒక్కొక్క బ్యాంకిలో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకే 2020 నుండి డిపాజిటు బీమా కలదు.

కావున మొదట కోరికను ఒక్కదానినే, స్పష్టముగ, వ్రాతమూలముగ బ్యాంకి కెరిగింపుడు, రసీదు పుచ్చుకొనుడు. 30 దినములలో న్యాయమైన బదులు రానిచో రిజర్వు బ్యాంకి అంబుడ్స్‌మనుకు ఫిర్యాదు చేయవచ్చును, అదియు చేయుడు. అప్పటికిని తెమలనిచో, నూరుగురు గూడి, తేదీ ముందుగా ప్రకటించి, పగటివేళ వరుసగా బోయి ఖాతాలు మూయుడు. కౌంటరులోని గుమాస్తాను దూషింపకుడు. ఆ జరిమానాను అతడు విధింపలేదు, అతని ఖాతానుండియు నది పోవుచుండవచ్చును. మీరు బ్యాంకికి బాకీ యున్నచో వాయిదాను తప్పక చెల్లింపుడు. మన యప్పును మనము తీర్చి, వారి యప్పును వారిచే తీర్పించుకొందము.