ఖైదీ రాసిన పాట

జానీ క్యాష్ పేరు నిలబెట్టిన ‘ఎట్ ఫోల్సమ్ ప్రిజన్’ ఆల్బమ్‌ను 1968 జనవరి 13న కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ జైల్లో, ఖైదీల ముందే రికార్డు చేశారు. ముందు రోజు రాత్రి ఒక పాస్టర్ ఆయనకు ఓ టేపు ఇచ్చారు. ఆ జైలు ఖైదీ గ్లెన్ షెర్లీ, లోపలి ప్రార్థనాలయం గురించి రాసిన పాట అది. క్యాష్ రాత్రికి రాత్రే నేర్చుకుని, మర్నాడు షెర్లీ ఎదుటే పాడారు.

మన సంఘాలూ క్రిస్మస్‌కు జైళ్లకు వెళ్తాయి. పాటలు పాడి, కేకులు పంచి వస్తాం. మరి ఖైదీ గోడు వింటున్నామా? దేశంలోని ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడొంతులు విచారణ ఖైదీలే. బెయిలొచ్చినా జామీను ఇచ్చే దిక్కులేక లోపలే మగ్గే పేదలున్నారు. ఫాదర్ స్టాన్ స్వామి 2021లో విచారణ ఖైదీగానే కన్నుమూశారు.

షెర్లీ 1971లో విడుదలయ్యారు. 1978లో ఆత్మహత్య చేసుకున్నారు. క్యాష్ చేయూత ఇచ్చినా బయటి బతుకు ఆయనకు అంత బరువైంది. మత్తయి 25లో ప్రభువు చెప్పిన చెరసాల దర్శనం ఒక్కపూటతో తీరేది కాదు. యువతీ యువకులారా, ఈసారి గిటారుతోపాటు ఒక లాయర్‌నూ వెంటబెట్టుకెళ్లండి. విడుదలై వచ్చినవారికి సంఘంలో చోటివ్వండి, పని చూపించండి.