బండి మెరిస్తే సరా?

పాత బుల్లెట్టు మీద మగవాళ్ళకున్న మమకారాన్ని నేను తప్పు పట్టను. అమ్మమ్మ కాసులపేరు మీద మనకి లేదూ? అయితే కాసులపేరుకి మెరుగు పెట్టించేముందు కొక్కెం గట్టిగా ఉందో లేదో చూసుకుంటాం. ఆ పాటి ఇంగితం పాత మోటారు సైకిలు దగ్గరికొచ్చేసరికి ఎటు పోతుందో అర్థం కాదు. టాంకుకి కొత్త రంగు, దాని మీద చేత్తో గీయించిన బంగారు గీత, తళతళలాడే మడ్‌గార్డులు, పేట పేటంతా ఉలిక్కిపడే సైలెన్సరు - వీటన్నిటికీ డబ్బుంటుంది. బ్రేకుల మాటెత్తితే మాత్రం "పాత బండి గదా, అలాగే ఉంటుంది" అంటారు.

అలాగే ఎందుకుండాలండీ?

అసలీ బండికి పేరొచ్చిందే కుదుపు తగ్గించినందుకు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు 1948లో కొత్త బుల్లెట్టు నమూనా బయటపెట్టినప్పుడు, దాని వెనకచక్రం స్వింగ్ ఆర్మ్ మీద, షాక్ అబ్జార్బర్ల మీద పైకీ కిందికీ ఆడేది. అప్పటికి చాలా బళ్ళకి వెనకచక్రం చట్రానికి కదలకుండా బిగించి ఉండేది. 1955లో మద్రాసు మోటార్సు వాళ్ళు ఆ కంపెనీతో చేతులు కలిపాక అదే బండి మనదైంది. అంత గొప్పగా పుట్టిన షాక్ అబ్జార్బర్లు ఇవాళ ఊపిరాడక నూనె కక్కుతూంటే, ఆ వారసులు పక్కన నిలబడి టాంకు తుడుచుకుంటున్నారు!

"ఒరిజినల్ చెడకూడదు" అన్నది వాళ్ళ పెద్ద వాదన. అరిగిపోయిన లైనరు ఒరిజినల్ ఎలా అవుతుంది? కంపెనీ నుంచి వచ్చిననాడు అది అరిగి లేదు గదా! అరిగినవి మార్పిస్తేనే బండి మళ్ళీ ఒరిజినల్ అవుతుంది.

బ్రేకు సంగతి చూద్దాం. డ్రమ్ము లోపల రెండు షూలుంటాయి. పాత పద్ధతి ముందుబ్రేకులో తిరిగే డ్రమ్ము ఒక షూని తనలోకి లాక్కుంటుంది, రెండోదాన్ని బయటికి నెడుతుంది. ఒకరు లాగుతూంటే ఇంకొకరు వెనక్కి తోసే సంసారంలాంటిదన్నమాట. అందుకే తర్వాతి బుల్లెట్లకి కంపెనీయే రెండు షూలూ కరుచుకునే ట్విన్ లీడింగ్ బ్రేకు ఇచ్చింది. తెలిసిన మెకానిక్కు చేత, సరిపోయే పాత బండికి అది పెట్టించుకోవచ్చు. అంతదూరం పోకపోయినా సరే, కోడిగుడ్డు ఆకారానికొచ్చిన డ్రమ్ముని లేతు మీద గుండ్రంగా తీయించి, దాని వంపుకి అతికేలా కొత్త లైనర్లు వేయించి, సాగిపోయిన కేబులు మారిస్తే బ్రేకు పట్టులో తేడా చేతికే తెలుస్తుంది. అన్నట్టు, పాతకాలపు లైనర్లలో రాతినార ఉండేది. ఆ దుమ్ముని ఉఫ్ మని ఊదేవాణ్ణి కేకలేసైనా ఆపండి. తడిగుడ్డతో తుడవమనండి.

ఇంకొక మూఢనమ్మకం ఉంది: ముందుబ్రేకు పడితే పల్టీ కొడతామని! బ్రేకు వెయ్యగానే బరువంతా ముందుచక్రం మీదికి వాలుతుంది కాబట్టి బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ఆ బ్రేకుదే. ఇసకలో, బురదలో మెల్లిగా పట్టాలి నిజమే. అసలే ముట్టుకోకపోతే వెనకబ్రేకు ఒక్కటే ఎంతని ఈడుస్తుంది? వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. మెరుపు టాంకైనా, తుప్పు టాంకైనా ఆ లెక్క మారదు.

ఇక కుదుపు. దీని గురించి నడిపేవాణ్ణి కాదు, వెనక కూచున్నామెని అడగాలి. చాలా పాత బుల్లెట్లలో ఆయనగారి సీటు కింద ప్రత్యేకంగా స్ప్రింగులుంటాయి, ఆవిడకి మాత్రం మడ్‌గార్డు మీద బిగించిన చిన్న మెత్త! ఒకపక్కకి కూచుని, ఒడిలో పిల్లాణ్ణి, చేతిలో కూరల సంచీని, గాలికెగిరే కొంగుని పట్టుకుని ప్రతి గుంటనీ నడుముతో లెక్కపెట్టేది ఆవిడే. పిలియన్ సీటున్న బండికి చేతిపట్టు, కాళ్ళు పెట్టుకోను ఆసరా, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పే అడ్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. అందం చెడుతుందని ఆ చీర గార్డునే పీకి అటక మీద పారేసే మహానుభావులున్నారు. ఎవరి అందం?

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. పాత బండికి ఆ అదృష్టం లేదు కాబట్టే దాని మీద ఇంకొంచెం శ్రద్ధ కావాలి. అలాగని కనబడ్డ ఫోర్కల్లా తగిలించి డిస్కు బ్రేకు పెట్టించమనడం లేదు. అలాంటి పెద్ద మార్పులకి ముందు రవాణాశాఖ వాళ్ళని అడగాలి. నేననేది చిన్న పనులు: ఫోర్కులో పాత నూనె తీసేసి రెండు కాళ్ళలోనూ సమానంగా కొత్తది పోయించడం, కారే సీళ్ళు మార్చడం, వెనక షాక్ అబ్జార్బర్లు జతగా వేయించడం.

ఈ ఆదివారం బండి సెంటర్ స్టాండు వేయించి, వెనకచక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటకమందంటే స్వింగ్ ఆర్మ్ బుష్షులు చూపించాల్సిందే. తర్వాత బండిని స్టాండు దింపి, ఆయన్ని ముందుబ్రేకు పట్టుకోమని, హాండిల్ని గట్టిగా కిందికి నొక్కి వదలమనండి. ఒక్కసారి లేచి నిలబడిపోవాలి. ఉయ్యాలలా ఊగుతూ ఉంటే, రంగుకని దాచిన డబ్బు ఎందాకా వచ్చిందో అప్పుడే అడగండి.